వాగు వెంబడి పచ్చని నడకదారి: నాటాక చూసుకునేది ఎవరు?

వాగు వెంబడి చెట్లు, నడకదారి వేయడానికి మున్సిపాలిటీ ఒప్పుకుంది. ప్లాన్ గీయడానికి కాలనీల వాళ్లందరూ వస్తున్నారు, చాలా సంతోషం. నా టెన్షన్ అంతా ఆ తర్వాతి సంగతి గురించే. మొదటి రెండు మూడేళ్లు వేసవిలో నీళ్లు పోయాలి, కలుపు తీయాలి, మొక్క చచ్చిపోయిన చోట మళ్లీ నాటాలి. అది ఎవరి పనో ముందే కాగితం మీద ఉండాలని నా పట్టుదల.

న్యూయార్క్‌లో పాత రైలు వంతెనను కాపాడాలని 1999లో స్థానికులు సంఘం పెట్టారు. 2009లో అది హై లైన్ పార్కుగా తెరుచుకుంది. ఇప్పటికీ నగరంతో ఒప్పందం మీద ఆ సంఘమే చూసుకుంటోంది. వాళ్లకు విరాళాలు బాగా వస్తాయి, మాకు అంత రావు.

మీ దగ్గర ఇలాంటి దారిని జనమే చూసుకుంటుంటే, ఒప్పందంలో ఏమేం రాసుకున్నారు? నీళ్ల ఖర్చు ఎవరిది? ఉత్సాహం తగ్గాక మనుషులను ఎలా నిలుపుకున్నారు? నమూనా ఉంటే దయచేసి పంపండి.