మారేది వేమా, నాలుకా?

కడప: 2020లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ‘ద క్వీన్స్ గాంబిట్’ నాటకం ఏడు భాగాలూ ఇప్పుడు చూసినాను. చదరంగం బల్ల ముందర కూర్చున్న కథానాయిక బెత్ కళ్ళు చూస్తాంటే ఊపిరి బిగబట్టినా. అనాథాశ్రమంలో ఇచ్చే మత్తుమాత్రలు మింగి రాత్రిపూట పైకప్పు మీద చదరంగం ఊహించుకోవడం మాత్రం మనసుకు పట్టలేదు. అంత తెలివికి మాత్ర ఆసరా ఎందుకు? అప్పటినుంచి వేమన్న ‘తినగ తినగ వేము తియ్యనుండు’ నోట్లో తిరుగుతా ఉంది. దాని ముందు పాదం ‘అనగననగ రాగమతిశయించుచునుండు’ అనా, ‘అతిశయిల్లుచునుండు’ అనా?

ప్రొద్దుటూరు: ‘యిల్లు’ అక్కా, సందేహం వద్దు. వర్ధిల్లు, విలసిల్లు, శోభిల్లు వరసలోది. ‘అతిశయించు’ అంటే ఇంకొకదాన్ని మించిపోవడం. ఇక్కడ రాగం దేన్నీ మించడం లేదు, తనలో తాను పెరుగుతాంది.

ఆదోని: అర్థం సరే, ఛందస్సు మీకు సాక్ష్యం చెప్పదు. ‘మతిశయిల్’ అన్నా ‘మతిశయిం’ అన్నా మూడు లఘువులు, ఒక గురువు, నగమనే గణమే. తర్వాతి గణం రెండు పాఠాల్లోనూ సలమే (రెండు లఘువులు, గురువు, లఘువు). పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన యతి ‘రాగము + అతిశయ’లోని అకారం మీద ఉంది, దానికీ ఇబ్బంది లేదు. తేల్చాలంటే వేమన్న పద్యాలు అచ్చేసిన బ్రౌను దొర 1829, 1839 ముద్రణలు పక్కపక్కన పెట్టుకోవాల.

హిందూపురం: మీరు క్రియ దగ్గరే ఆగినారు. ‘రాగం’ సంగతేంది? పాడగా పాడగా రాగం పండుతుందని అందరూ చెప్తారు. పద్యంలో ఉన్నది ‘పాడగ’ కాదు, ‘అనగ’. మాట్లాడే కొద్దీ అనురాగం పెరుగుతుందని నేను చదువుకుంటా. అనంతపురంలో వేమన్న మీద ఉపన్యాసాలిచ్చిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు సంగీతంలోనూ పండితులే. ఆయన చెవికి ఈ ‘అనగ’ ఎట్లా వినపడిందోనని ఎన్నోసార్లు అనుకుంటా.

ప్రొద్దుటూరు: అనురాగమైతే మూడో పాదంలో ‘సాధనమున పనులు సమకూరు’ ఎట్లా అతుకుతుంది సార్? ప్రేమ సాధన చేస్తే వచ్చేదా?

హిందూపురం: వస్తుందనే నా నమ్మకం.

నంద్యాల: నాకు అసలు గుచ్చుకునేది ‘తియ్యనుండు’. వేము తియ్యగా మారదు, నాలుక మారుతుంది. పాము కరిచినోనికి మా ఊర్లో యాపాకు నమిలిచ్చి చేదు తెలుస్తాందా అని అడిగేవాళ్ళు. తెలీలేదంటే విషం ఎక్కిందని భయపడేవాళ్ళు. అందుకే చేదు పోవడం నాకు మంచి గుర్తు అనిపించదు. ఆ పిల్ల మాత్రలకు ఈ పాదం అచ్చంగా సరిపోతుంది.

కదిరి: అన్నా, అంత దూరం లాగొద్దు. కటారుపల్లిలో వేమన్న సమాధి మా పక్కనే, ఆ మహానుభావుని మాట మాకు నిత్యం అన్నంతో సమానం. ఆయన చెప్పింది సాధన. నేలమాళిగలో ముసలి పనిమనిషి దగ్గర ఆ పిల్ల ఎత్తులు నేర్చుకోలేదా? చివర మాస్కోలో మాత్ర లేకుండానే పైకప్పు మీద బల్ల కనపడలేదా? నాటకం కూడా వేమన్న పక్షమే. నా బాధ వేరే. జార్జియా క్రీడాకారిణి నోనా గాప్రిందాష్విలి మగవాళ్ళతో ఎప్పుడూ ఆడలేదని అందులో ఒక మాట పెట్టినారు. ఆమె ఎంతోమంది మగవాళ్ళతో ఆడింది, 1978లో గ్రాండ్‌మాస్టర్ అయిన తొలి మహిళ. దావా వేసింది, 2022లో రాజీ కుదిరింది. కల్పితమైన ఆడపిల్లను ఎత్తడానికి నిజమైన ఆమెను దించాల్నా?

కడప: ఆ సంగతి నాకూ నొప్పిగానే ఉంది. మన కోనేరు హంపి 15 ఏళ్ళకే, 2002లో గ్రాండ్‌మాస్టర్ అయ్యింది. ఇంట్లో నాయన నేర్పిన ఆట అది. మాత్రలు లేని కథ తీసినా జనం చూస్తారు. సరే, ‘యిల్లు’ అనే రాసుకోనా?

ఆదోని: బ్రౌను చూడకుండా రాసుకోవద్దు. ఇంకో మాట. ‘తియ్యనుండు’, ‘తీయనుండు’ రెండూ గణాలకు కుదురుతాయి, యతికీ కుదురుతాయి. ఎవరు ఏది నేర్చుకున్నారు?

ప్రొద్దుటూరు: ‘తియ్య’. ఆ ఒత్తులోనే రుచి ఉంది.

హిందూపురం: మా అయ్యవారు ‘తీయ’ అని దీర్ఘం తీసేవారు. అది విన్న చెవికి ఒత్తు మోటుగా తగులుతుంది. ఈ కన్నడ సరిహద్దులో ఉన్నందుకు నాకు ‘వేము’ ముచ్చట ఎక్కువ. కన్నడంలో బేవు, తమిళంలో వేంబు. మనం మాత్రం ‘వేము’ను పద్యంలో వదిలేసి వేప అంటాం, యాప అంటాం.

నంద్యాల: మా దిక్కు యాపమాను. యాపచెట్టు అన్నోడు బయటోడు.

కదిరి: మాకూ యాపమానే. వేమన్న కూడా ఇంట్లో అట్లే అనుంటాడు. ఆటవెలదిలో ‘యాప’ పెట్టినా ‘వేము’ మాదిరే గురువు, లఘువు, హగణమే కదా, ఎందుకు పెట్టలేదో ఆదోని సార్ చెప్పాల.