పాత ఊరి చిత్రంలో కరెంటు స్తంభం ఉండాలా, వద్దా?

కుంచెగీత (ప్రశ్న): పుట్టిన ఊరి కొండనో, పాత రాతిగోడలనో ఏళ్ల తరబడి గీసే చిత్రకారులు చాలామంది ఉన్నారు. వాళ్ల చిత్రాల్లో కరెంటు తీగలు, తారురోడ్డు, కొత్త మేడలు తరచుగా కనిపించవు. నా దృష్టిలో ఇది తప్పు. ఊరిని ప్రేమిస్తున్నానంటూ ఇప్పుడున్న ఊరిని చెరిపేయడమే కదా?

వెన్నెలరాయి: తప్పెలా అవుతుందండీ? చిత్రకారుడు సర్వే పని మీద రాలేదు. చిన్నప్పుడు కళ్లలో పడిన ఆకారాన్ని వెతుక్కుంటూ కూర్చుంటాడు. ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ 1839లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్‌లో పుట్టాడు. ఆ ఊరికి తూర్పున ఉన్న సెయింత్-విక్త్వార్ కొండను ముప్పైకి పైగా తైలవర్ణ చిత్రాల్లో గీశాడు. 1902లో మేనకోడలికి రాసిన ఉత్తరంలో, సముద్రతీరానికి గ్యాసు దీపాలు, అంతకన్నా ఘోరంగా విద్యుద్దీపాలు వచ్చాయని వాపోయాడు. అలాంటి మనిషిని స్తంభం ఎందుకు గీయలేదని అడగడం న్యాయమా?

గట్టుమీద: వెన్నెలరాయి గారూ, ఆ ఉత్తరం రాసిన చేయే 1880లలో ఆ కొండ ముందు రైలు వంతెనను గీసింది. ఆయన పుట్టేనాటికి లేని వంతెన అది! న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని చిత్రంలో చూడవచ్చు. లోయకు అడ్డంగా ఆ కమానుల వరుస లేకపోతే చిత్రానికి నడుము ఉండదు. నచ్చనిదాన్ని తిట్టుకోవడం వేరు, కంటి ముందున్నదాన్ని లేదనడం వేరు.

నాకు అసలు పేచీ ఇలాంటి చిత్రాలు చూసి మనం వాడే ‘ప్రాచీనం’ అనే మాటతోనే. సెజాన్ 1895 నుంచి తన ఊరి దగ్గరున్న బిబెమూస్ రాతిగని దగ్గర చిన్న గది అద్దెకు తీసుకుని, అక్కడి పసుపు, నారింజ రంగు రాళ్లను గీశాడు. చూడగానే మనిషి అడుగు పడని చోటు అనిపిస్తుంది. కానీ ఆ నిలువు గోడలు, చదును అంచులు గాలీ వానా చెక్కినవి కావు. ఊళ్లో ఇళ్ల కోసం కూలీలు రాయి కోసుకుపోయిన గాట్లు అవి. దుమ్ము, చప్పుడు నిండిన పనిచోటు. పని ఆగిపోయి, బండల మధ్య చెట్లు మొలిచాక మన కంటికి ప్రకృతి అయింది.

ఇంగ్లిష్ చిత్రకారుడు కాన్‌స్టబుల్ గీసిన స్టవర్ నదీ అంతే. దాన్ని కాలానికి అతీతమైన పల్లె అని మురిసిపోతాం. 1705 నాటి చట్టంతో పడవల రవాణాకు అనువుగా మార్చిన నది అది. దాని ఒడ్డునున్న ఫ్లాట్‌ఫర్డ్ పిండిమర కాన్‌స్టబుల్ నాన్నది. కొడుకు గీసింది ఆనాటి వ్యాపారాన్నే.

వెన్నెలరాయి: వంతెన మాట ఒప్పుకుంటాను. కానీ సెజాన్ చివరి ఏళ్లలో, 1902 తర్వాత, ఎక్స్ పక్కనున్న లోవ్ గుట్ట మీది నుంచి గీసిన చిత్రాలు చూడండి. ఇళ్లూ పొలాలూ రంగు ముక్కలుగా విడిపోయి, కొండ ఒక్కటే నిలుస్తుంది. అక్కడ స్తంభం ఉన్నా అది ఆకుపచ్చలో ఒక మరకే అయ్యేది. చూపు అంత లోతుకు వెళ్లినవాడికి ఏది వదలాలో చెప్పడానికి మనమెవరం?

గట్టుమీద: కరగబెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఇల్లు కరిగినా అక్కడ ఇల్లు ఉందని తెలుస్తూనే ఉంది. కొనేవాడికి నచ్చదని ముందే తీసేయడాన్నే కాదంటున్నాను.

కుంచెగీత: గని సంగతి చదివాక నా ప్రశ్నే మారిపోయింది. స్తంభం గురించి ఇంత వాదించాను గానీ, ఆ రాయి కోసినవాళ్లు గుర్తుకే రాలేదు. కాన్‌స్టబుల్ చిత్రాల్లో పడవ నడిపేవాళ్లు, గుర్రాలు తోలేవాళ్లు ఉన్నారు. సెజాన్ కొండ చిత్రాల్లో మనుషులు దాదాపుగా లేరు. వెన్నెలరాయి గారూ, దీన్ని కూడా చూపు లోతు అనే అంటారా?