సమస్య: చంపినట్టివాఁడె సాక్షి యయ్యె

నిర్వాహకుడు, పర్లాకిమిడి:
ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను. మనవాళ్లు చాలామంది అగాథా క్రిస్టీ 1926లో రాసిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ ఇటీవలే చదివారు కనుక సమస్య అందులోంచే తీశాను. పురాణకథతో పూరించినా సంతోషమే. నవల చదవనివారు ఇక్కడే ఆగాలి, హంతకుడెవరో కింద బయటపడుతుంది.

గుణుపురం మాస్టారు:
నాడి పట్టు చేత నాటెను బాకును;
కలముఁ బట్టి వ్రాసెఁ గల్ల లేక;
నడుమ నొక్క ఘడియ నణఁచి దాఁచె నతఁడు;
చంపినట్టివాఁడె సాక్షి యయ్యె.

రాయగడ సభ్యురాలు:
మాస్టారూ, ‘కల్ల లేక’ అన్న మాటకు నమస్కారం. నవల ప్రాణమంతా అక్కడే ఉంది. కథ చెప్పే డాక్టర్ షెపర్డే హంతకుడు, అయినా అబద్ధం రాయడు. అక్రాయిడ్‌కు ఉత్తరం 8.40కి వచ్చిందంటాడు, 8.50కి తాను బయలుదేరేటప్పటికీ ఆయన దాన్ని చదవలేదంటాడు. రెండూ నిజాలే. మధ్యలో ఏం జరిగిందో మాత్రం చెప్పడు. అయితే ఘడియ అంటే 24 నిమిషాలు, ఇక్కడ ఉన్నవి పదే. ‘నడుమఁ గొంత వేళ’ అంటే గణాలూ యతీ చెడవు.

గుణుపురం మాస్టారు:
మంచి సవరణ అమ్మా, అలాగే మార్చుకుంటాను.

బరంపురం విద్యార్థి:
ఇంటి వారి కెల్ల నేదియో గుట్టుండె;
పెండ్లి నొక్క పడఁతి, పైఁడి నొకతె
దాఁచి, రందఱకును దాపున నిలిచిన
చంపినట్టివాఁడె సాక్షి యయ్యె.
పనిమనిషి అర్సులా అక్రాయిడ్ సవతి కొడుకు రాల్ఫ్‌తో తన పెళ్లిని దాచింది. ఫ్లోరా తన పెదనాన్న అక్రాయిడ్ గదిలో తీసిన నలభై పౌండ్ల సంగతి దాచింది.

నిర్వాహకుడు:
బాబూ, బడిలో ఒడియా చదువుతూ ఇంట్లో ఛందస్సు నేర్చుకుంటున్న నీ పద్యం చూసి మనసు నిండింది. ఒక్క దోషం ఉంది. రెండో పాదంలో ‘పె’కు ‘పై’తో యతి కుదరదు. ఐకారానికి అ, ఆ, ఔలతోనే మైత్రి. ‘పరిణయంబు నొకతె, పైఁడి నొకతె’ అంటే సరిపోతుంది. అందరూ దాచినవి చిన్న తప్పులు, వాటి చాటున పెద్ద తప్పు దాగింది. ఆ సంగతి నువ్వే పట్టుకున్నావు.

రాయగడ సభ్యురాలు:
నా పూరణ అయోధ్యాకాండలోని దశరథుడి కథ నుంచి.
ఏనుఁ గనుచుఁ దూపు నేటి గట్టున వేసి
కుండ మోసి పోయె గుండె పగిలి;
అంధు లెదుటఁ దానె యంతయుఁ దెలిపెను;
చంపినట్టివాఁడె సాక్షి యయ్యె.

గుణుపురం మాస్టారు:
కుండ, గుండె! యతి కోసం వెతికి తెచ్చినట్టు లేదు, కథలోంచే వచ్చింది. దశరథుడు మునికుమారుడి కుండలో నీళ్లు నింపుకుని ఆ తల్లిదండ్రుల దగ్గరికి నడిచాడు. కానీ అమ్మా, ఆయన సాక్ష్యం అక్కడితో ఆగిందా? రాముడు అడవికి వెళ్లిన ఆరో రాత్రి కౌసల్యకు చెప్పుకున్నాడు కదా. అన్నేళ్లూ గుండెలో మోసినది పద్యంలో లేదు.

రాయగడ సభ్యురాలు:
నాలుగు పాదాల్లో రెండు రాత్రులు ఇమడలేదండీ. అడిగేవారు లేకున్నా తానే వెళ్లి చెప్పిన రాత్రి నాకు పెద్దదిగా కనిపించింది.

నిర్వాహకుడు:
నా ఎంపిక రాయగడ పద్యం. షెపర్డ్ తన రాతను డిటెక్టివ్ పోయిరో ఓటమి కథగా ఎప్పుడో అచ్చు వేయించాలనుకున్నాడు. ఆ సాక్ష్యంలో తప్పు చేశానన్న బాధ కంటే గెలుపు మీద ఆశే ఎక్కువ. పోయిరో అంతా విప్పి చెప్పాకే మిగిలినది రాశాడు. దశరథుడిని పట్టుకున్నవారు లేరు. ఏటి గట్టున చూసినవారూ లేరు. ‘సాక్షి’ అన్న మాటకు పూర్తి బరువు ఆ పూరణలోనే దక్కింది. మాస్టారి రెండో పాదం మాత్రం నేను కంఠస్థం చేసేశాను.