‘పోన్యో’ చిత్రంలోని రేవును చూడటానికి తొమోనౌరా వెళ్లవచ్చా?

తార్నాక వాసి:
నమస్కారం. హయావో మియాజాకి దర్శకత్వంలో 2008లో వచ్చిన జపనీస్ యానిమేషన్ చిత్రం ‘పోన్యో’ అంటే మా ఇంటిల్లిపాదికీ ప్రాణం. వచ్చే వేసవి సెలవుల్లో అమ్మాయితో కలిసి ఒసాకా, హిరోషిమా చూడాలనుకుంటున్నాం. ఆ చిత్రానికి ప్రేరణనిచ్చిన రేవు పట్టణం తొమోనౌరా ఆ దారిలోనే ఉందని తెలిసింది. కొండకొమ్ము మీద కథానాయకుడైన పిల్లవాడు సోసుకె ఉండే ఇల్లు, ఆ రేవు అక్కడ నిజంగా కనిపిస్తాయా? ఒక పూట సరిపోతుందా, రాత్రి బస చేయాలా? వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పగలరు.

మలక్‌పేట ప్రయాణికుడు:
తప్పకుండా వెళ్లండి. ఒసాకా నుంచి హిరోషిమా వెళ్లే షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు) మార్గంలో ఫుకుయామా స్టేషన్‌లో దిగితే, అక్కడి నుంచి బస్సులో సుమారు అరగంట ప్రయాణం. అన్ని రైళ్లూ ఫుకుయామాలో ఆగవు కనుక టికెట్ తీసుకునేటప్పుడు చూసుకోండి.

సినిమాలోని ఇల్లు మాత్రం ఉన్నదున్నట్టుగా దొరకదు. మియాజాకి 2005లో అక్కడ సముద్రానికి ఎదురుగా కొండమీది ఒక ఇంట్లో సుమారు రెండు నెలలు ఉన్నారు. ఆయన ఆ ఊరి నుంచి తీసుకున్నది ఏ ఒక్క కట్టడాన్నో కాదు, కొండలకూ నీటికీ మధ్య ఇరుకుగా ఒదిగిన ఊరి అమరికను అని నా అభిప్రాయం. సెతో లోతట్టు సముద్రంలోకి తూర్పు నుంచీ పడమర నుంచీ వచ్చే పోటు ఈ ఊరి దగ్గరే కలుస్తుంది కనుక, తెరచాప ఓడలు అనుకూలమైన ప్రవాహం కోసం శతాబ్దాల పాటు ఇక్కడే ఆగేవి. నీటిమట్టం ఎంత ఉన్నా సరుకు దించుకునేందుకు కట్టిన రాతిమెట్లూ, 1859 నాటి రాతి దీపస్తంభమూ ఇప్పటికీ రేవులో ఉన్నాయి. పోటు, పాటు రెండూ చూస్తేనే ఆ మెట్ల ప్రయోజనం తెలుస్తుంది కాబట్టి రాత్రి అక్కడే ఉండమని నా సలహా. సముద్రం ఉప్పొంగి ఊరిని ముంచే ఘట్టం మీ అమ్మాయికి గుర్తుంటే, నీరు మెట్టు తరువాత మెట్టు ఎక్కడాన్ని ఆమె ఎంతో శ్రద్ధగా చూస్తుంది.

సైనిక్‌పురి పాఠకురాలు:
పై సమాధానానికి ఒక ముఖ్యమైన విషయం చేర్చాలి. ఆ రేవులో కొంత భాగాన్ని పూడ్చి, దానికి అడ్డంగా వంతెన కట్టాలన్న ప్రణాళిక 1983 నుంచీ ఉండేది. రద్దీ తగ్గుతుందని కొందరు నివాసులు దాన్ని కోరగా, మరికొందరు కోర్టుకు వెళ్లారు. పూడికకు అనుమతి ఇవ్వకూడదని హిరోషిమా జిల్లా న్యాయస్థానం 2009 అక్టోబరులో ఆదేశించింది. ఆ దృశ్యానికి ఉన్న చారిత్రక, సాంస్కృతిక విలువను న్యాయస్థానం గుర్తించడమే ఈ తీర్పులో నన్ను అన్నిటికంటే ఆకట్టుకుంది. 2012లో ప్రాంతీయ ప్రభుత్వం వంతెన ఆలోచన విరమించి, కొండవైపు సొరంగ మార్గాన్ని ఎంచుకుంది. కేబీఆర్ పార్కు చుట్టూ ఫ్లైఓవర్లు వద్దని మన నగరంలో జరిగిన నిరసనలు గుర్తున్నవారికి ఈ పోరాటం పరాయిది అనిపించదు. ఆ సందుల్లో జనం నివసిస్తున్నారు కనుక ఇళ్ల లోపలికి కెమెరా పెట్టకండి.

తార్నాక వాసి:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. ఒక రాత్రి ఉండాలనే నిర్ణయించుకున్నాం. అమ్మాయికి పడవ ఎక్కాలని కోరిక. అక్కడ అలాంటి అవకాశం ఉందా?

మలక్‌పేట ప్రయాణికుడు:
ఉందండీ. ఎదురుగా ఉన్న సెన్సుయిజిమా దీవికి ఫెర్రీలో 5 నిమిషాల్లో చేరుకోవచ్చు. తిరుగు ప్రయాణంలో పై అంతస్తులో నిలబడితే ఊరూ, వెనుక కొండా ఒకే చూపులో కనిపిస్తాయి. సినిమాతో పోల్చి చూసుకోవడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలియదు. మే మొదటివారంలో జపాన్‌లో వరుస సెలవులు వస్తాయి కాబట్టి, ఆ రోజుల్లో వెళ్లేటట్లయితే గదిని చాలా ముందుగా బుక్ చేసుకోండి.