డేవిస్-బేకన్ చట్టం కింద నా పని ఏ వేతన వర్గంలోకి వస్తుంది?

అమెరికాలో ఒక ఫెడరల్ భవనం మరమ్మతు పనుల్లో సబ్‌కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం ప్రకారం, 2,000 డాలర్లు దాటిన ఇలాంటి కాంట్రాక్టుల్లో కార్మికుడు నిజంగా చేసే పనిని బట్టే ఆ ప్రాంతపు వేతనమూ, దానికి తోడు అదనపు ప్రయోజనాలూ ఇవ్వాలి. నేను రోజంతా పైపుల్లోంచి వైర్లు లాగుతూ, స్విచ్ బాక్సులు బిగిస్తూ ఉన్నప్పటికీ, వారం వారం వచ్చే జీతం చీటీలో మాత్రం ‘లేబరర్’ అనే ఉంటోంది. సైటులో అంటించిన రేట్ల పట్టికలో ఎలక్ట్రీషియన్ రేటు వేరుగా, చాలా ఎక్కువగా ఉంది. అప్రెంటిస్ పేరుతో తగ్గించడానికి నేను ఏ నమోదిత శిక్షణలోనూ లేను. ఏ రోజు ఏ పని ఎన్ని గంటలు చేశానో నోటుబుక్కులో రాసుకుంటున్నాను. కార్మిక శాఖ వేతన విభాగానికి ఫిర్యాదు చేసేటప్పుడు ఇది సాక్ష్యంగా నిలుస్తుందా, లేక ముందుగా కాంట్రాక్టు అధికారికి రాయాలా? ఇలాంటి బకాయిలు రాబట్టుకున్నవారు దయచేసి వివరంగా చెప్పండి. నాతోపాటు మరో ఇద్దరిదీ ఇదే పరిస్థితి.