క్యాబిన్ నేల మార్చాలి: చెక్కా, ఫైబరా, పైన షీటు అంటించెయ్యడమా?

హార్బరు45
వేట నిషేధం మొదలైన వారానికే బోటును స్లిప్‌వే ఎక్కించాం. జూన్ 14 దాటగానే నీళ్ళలో ఉండాలి. 45 అడుగుల సోనా బోటు (వల లాగే చిన్న మరబోటు), కర్రతో కట్టింది, పైన ఫైబరు కోటింగు, వయసు 14 ఏళ్ళు. క్యాబిన్ 10 అడుగులు, 8 అడుగులు. కింద ఇంజను. నేల పలకలు తలుపు దగ్గరా స్టీరింగు కిందా మెత్తబడ్డాయి, కాలేస్తే దిగుతున్నాయి. పాత పలకల మీదే 12 ఎంఎం మెరైన్ ప్లై పరిచి వినైల్ షీటు అంటించెయ్యమని ఒకరు చెప్పారు, రెండు రోజుల పని. మొత్తం పీకి ఫైబరు చెయ్యమని ఇంకొకరు. మా బావమరిదేమో టైల్స్ అంటున్నాడు. చేయించినవాళ్ళు చెప్పండి.

నిజాంపట్నం బుల్లోడు
టైల్స్ మాట మర్చిపోండి. మావాళ్ళు వేశారు, మొదటి తుఫానుకే నాలుగు పగిలాయి.

కోరంగి వడ్రంగి
బాబూ, పైన ఏం వెయ్యాలన్నది తర్వాత చూద్దాం. కింద అడ్డదూలాలు చూశారా? పలక కుళ్ళిందంటే నీళ్ళు దూలం మీద ఎప్పట్నుంచో నిలుస్తున్నట్టు. పలక కూర్చునే చోట దూలం పైముఖం మీద స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా గుచ్చండి. మొన మాత్రమే దిగితే పరవాలేదు. సగం దిగిందంటే నేల గురించి కాదు, దూలాల గురించి మాట్లాడుకోవాలి.

ఇంకో సంగతి. బోటు చెక్కకు ఉప్పునీళ్ళకంటే మంచినీళ్ళే ఎక్కువ చేటు. వాన నీళ్ళు, ఐసు కరిగిన నీళ్ళు, వల లాగి తడిబట్టలతో లోపలికొచ్చే కుర్రాళ్ళ ఒంటి మీది వాన. తలుపు దగ్గరే మెత్తబడింది అంటున్నారు కదా, అందుకే. మా తాళ్ళరేవు వైపు పెద్దలు క్యాబిన్ పలకల్ని మేకులు కొట్టి బిగించేవారు కాదండి. అంగుళం మందం టేకు పలకలు, పలకకీ పలకకీ మధ్య చిన్న సందు, నాలుగింటిని కలిపి ఒక తడికలాగా చేసి దూలాల మీద పెట్టేవారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎత్తి ఎండలో ఆరబెట్టుకోవచ్చు. గాలి ఆడితే చెక్క బతుకుతుంది.

కంచరపాలెం ప్లై
ప్లై తీసుకునేటప్పుడు ఐఎస్ 710 ముద్ర, అంటే మెరైన్ ప్లైకి ఉన్న భారత ప్రమాణం ముద్ర, ఉందో లేదో చూడండి. 72 గంటలు మరిగే నీళ్ళలో ఉంచినా పొరలు విడిపోకూడదన్నది దాని పరీక్ష. మామూలు వాటర్‌ప్రూఫ్ ప్లైని మెరైన్ అని అంటగట్టేవాళ్ళు చాలామంది ఉన్నారు.

ఫైబర్ మేస్త్రి వైజాగ్
వడ్రంగి గారికి నమస్కారం. కానీ సందులు వదిలిన నేల కింద ఇంజను ఉందండి. ఆ వేడి, ఆ డీజిలు వాసన, ఆ చప్పుడు అంతా సందుల్లోంచి పైకే వస్తుంది. పన్నెండు రోజుల ట్రిప్పులో ఆ నేల మీదే తొమ్మిది మంది పడుకుంటారు.

నేను చేసే పద్ధతి చెప్తా. 18 ఎంఎం మెరైన్ ప్లై, కొలతకు కోశాక అంచులకు మూడు సార్లు, రెండు ముఖాలకు రెండేసి సార్లు ఎపాక్సీ (గట్టిపడే రెజిన్) పట్టించాలి. ప్లై నీళ్ళు తాగేది ముఖం మీంచి కాదు, కోసిన అంచులోంచి, స్క్రూ కన్నంలోంచి. అందుకే కన్నం పెద్దదిగా తొలిచి, ఎపాక్సీ పుట్టీతో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్ళీ సన్నగా తొలవాలి. పైన ఫైబరు నేత గుడ్డ ఒక పొర, తడి ఆరకముందే సన్న ఇసుక చల్లితే కాలు జారదు. చౌకగా అవుతుందని పాలిస్టర్ రెజిన్, 450 గ్రాముల ఫైబరు మ్యాట్ వేసేస్తారు కొందరు. పాలిస్టరు చెమ్మ చెక్కకు పట్టదు, ఏడాది తిరక్కుండా పొర లేస్తుంది. అప్పుడు ఫైబరే మోసం అంటారు.

కోరంగి వడ్రంగి
పొర లేచిన సంగతి కంటికి కనిపిస్తుంది కాబట్టి సరే. లేవకుండా లోపల కుళ్ళితే? చెక్కకు అన్ని వైపులా ప్లాస్టిక్కు చుడితే, ఎక్కడో ఒక సూది బెజ్జంలోంచి వెళ్ళిన చెమ్మ మళ్ళీ బయటికి రాదు. పైన అద్దంలా మెరుస్తూనే ఉంటుంది, లోపల పొగాకు పొడి. అలాంటివి నా చేత్తో ఎన్ని తీశానో.

కంచరపాలెం ప్లై
అందుకే ఐఎస్ 710 అంటున్నా. 72 గంటలు ఉడికించినా ఏమీ కాని సరుకు.

కోరంగి వడ్రంగి
ఉడికించేది జిగురును పరీక్షించడానికండి. జిగురు కుళ్ళదు, చెక్క కుళ్ళుతుంది.

కంచరపాలెం ప్లై
ఆ ప్రమాణంలో చెక్కకు మందు పట్టించాలని కూడా ఉంది. పూర్తిగా తెలుసుకుని మాట్లాడండి.

చెసాపీక్ తెలుగోడు
మేరీల్యాండ్‌లో మాకు 26 అడుగుల పాత క్యాబిన్ బోటు ఉంది. సరదా బోటే, మీ బోట్లతో పోలిక కాదు, కానీ నేల నేనే మార్చాను కాబట్టి రెండు మాటలు. ఇంట్లో వేసే క్లిక్ వినైల్ పలకలు వేశాను. బోటు గోడకు ఆనించి బిగుతుగా కోశాను. జూలై ఎండకు పలకలు సాగి మధ్యలో పడగెత్తినట్టు లేచాయి. చుట్టూ పావు అంగుళం సందు వదలాల్సింది. రెండోది, అడుగున నీళ్ళు ఉన్నాయో లేవో చూసుకునే మూత మీద కూడా అంటించేశాను. ఆ ఏడాది పంపు పని చెయ్యని రోజున కత్తితో నేల కోసుకోవాల్సి వచ్చింది. ఏది వేసినా మూతలు మాత్రం ఉంచండి.

క్యాబిన్‌లో వంట చేస్తారా? గ్యాస్ సిలిండరు లోపలే ఉంటుందా?

హార్బరు45
అవునండి, లోపలే. అన్ని బోట్లలోనూ అంతే.

చెసాపీక్ తెలుగోడు
వంటగ్యాస్ గాలికంటే బరువు. లీకైతే పైకి పోదు, నేల సందుల్లోంచి కిందికి దిగి ఇంజను గదిలో మడుగు కడుతుంది. స్టార్టరు తిప్పితే ఆ ఒక్క నిప్పురవ్వ చాలు. వడ్రంగి గారి తడికల నేల మీద సిలిండరు పెట్టకూడదు.

కోరంగి వడ్రంగి
సిలిండరు బయట డెక్కు మీద పెట్టాలి, ట్యూబు ఒక్కటే లోపలికి రావాలి. నేల తప్పు కాదది.

ఫైబర్ మేస్త్రి వైజాగ్
బయట పెడితే ఉప్పుగాలికి రెగ్యులేటరు తుప్పు పడుతుంది, కెరటానికి సిలిండరు దొర్లుతుంది. ఎవరూ పెట్టరు. జరిగేది చూసి మాట్లాడాలి.

నిజాంపట్నం బుల్లోడు
టైల్స్ బరువు సంగతి ఎవరూ చెప్పలేదు. చదరపు మీటరుకు 20 కిలోల పైమాటే. క్యాబిన్ మొత్తానికి 150 కిలోలు నీటిమట్టానికి అంత ఎత్తున. బోటు ఒరిగితే తిరిగి లేవడానికి బద్ధకిస్తుంది.

హార్బరు45
సరే, టైల్స్ వద్దు. ప్లై, పైన షీటు. పాత పలకలు అలాగే ఉంచితే ఎన్నాళ్ళు వస్తుంది? అదొక్కటి చెప్పండి.

కోరంగి వడ్రంగి
దూలాలు చూశారా?

హార్బరు45
మేస్త్రి గారూ, పలకల మీద వినైల్ షీటుకు రబ్బరు సొల్యూషన్ సరిపోతుందా?

ఫైబర్ మేస్త్రి వైజాగ్
ఇంజను వేడికి సొల్యూషన్ మెత్తబడి షీటు జారుతుంది. ఈ ఒక్క మాటలో నేనూ వడ్రంగి గారితోనే ఉన్నా, పాత పలకల మీద ఏదీ వెయ్యకండి. పీకాల్సిందే.

జాలారిపేట డ్రైవరు
నిన్నట్నుంచి సదువుతున్నాను. అందరూ పెద్దోళ్ళే. ఒక్కరు కూడా ఆ నేల మీద తొంగున్నోళ్ళని అడగనేదు.

నాను 22 ఏళ్ళు ఏటాడిన డ్రైవర్ని. తడికల పలకల బోటు మీదా సేశాను, అంతా మూసేసిన ఫైబరు నేల మీదా సేశాను. తడికల నేల గురించి సెప్తాను. కళింగపట్నం బయట గాలేసింది, రాత్రి ఒంటిగంట. బోటు ఒక పక్కకి ఒరిగేసరికి పలకలు దాని సోటు నుంచి జరిగిపోనాయి. మా కలాసీ కుర్రోడు, పందొమ్మిదేళ్ళోడు, నిద్రలో లేచి స్టీరింగు కాడికి రాబోయి కాలేసినాడు. ఆ సోట పలక నేదు. కాలు తొడ దాకా కిందికి దిగిపోయి పొగగొట్టం మీద ఆనింది. పైకి లాగితే పిక్క మీద తోలు గొట్టానికే ఉండిపోయింది. ఒడ్డుకి పద్దెనిమిది గంటలు. పసుపు రాసి, తడిగుడ్డ సుట్టి, నోట్లో తువ్వాలు కుక్కుకున్నాడు, అరిస్తే మాకు బాధని.

మూసేసిన నేల గురించి కూడా సెప్తాను. వేడి రాదు, నిజమే. గాని ఇంజను రూములో నీళ్ళొచ్చినా తెల్దు. బెల్టు కాలిన కంపు కూడా రాదు. ఒకసారి అడుగు నీళ్ళు బేటరీ దాకా వొచ్చాక తెలిసింది.

వైజాగు ఫిషింగు హార్బర్లో 2023 నవంబరు 19 రాత్రి 40 దాకా బోట్లు కాలినప్పుడు నాను జెట్టీ మీదున్నాను. సిలిండర్లు పేల్తుంటే ఒక బోటు మీంచి ఇంకో బోటు మీదకి మంట దూకింది. ఫైబరు, షీట్లు, నురగ పరుపులు కాలిన పొగ. ఆ పొగ పీల్సినోడు ఏ షీటు అందంగుంటాదని అడగడు. సందుల్నేకుండా, దూలానికి గొళ్ళెం ఏసి పట్టుకునే మూతలు కావాల. మనిసి తాకితే లేవకూడదు, పని పడితే ఒక్క సేత్తో లేవాల. మిగతాది మీ ఇష్టం.

చెసాపీక్ తెలుగోడు
అన్నా, మీరు చెప్పినదే అసలు కొలత. మూత అంచుకు రబ్బరు పట్టీ, కింద తిప్పి బిగించే గొళ్ళెం. మూత అడుగున రాక్‌వూల్ (రాతి నుంచి తీసిన దూది) పెట్టి అల్యూమినియం రేకు కొడితే వేడి, చప్పుడు తగ్గుతాయి, అది మండదు కూడా.

కంచరపాలెం ప్లై
మూతలకైనా ఐఎస్ 710 వాడండి.

హార్బరు45
డ్రైవరు గారూ, మీ బాధ అర్థమైంది. కానీ ఇది మా కలాసీలు అడిగింది కాదు. గొళ్ళేలూ రాక్‌వూలూ ఎవరి జేబులోంచి? డీజిలు, ఐసు, తిండి ఖర్చులు తీశాకే వాటాలు. క్యాబిన్ ఖర్చు ఎప్పుడూ ఓనరు నెత్తినే. వాటా మాత్రం అందరికీ.

జాలారిపేట డ్రైవరు
బోటు మీదైతే నేల కూడా మీదే. రెండు నెలలు ఏట నేక గవర్నమెంటు ఇచ్చే 20,000తో ఇల్లు నడుపుతున్నోడు మీ క్యాబిన్కి డబ్బులెయ్యాలా?

హార్బరు45
నేనెప్పుడన్నాను వెయ్యమని? ఒక చిన్న ప్రశ్న అడిగితే కోర్టులో నిలబెట్టారు. రెండేళ్ళుగా ట్రిప్పుకు డీజిలు డబ్బులు కూడా రాని రోజులున్నాయి. ఈ సీజను తర్వాత బోటు అమ్మేద్దామనుకుంటున్నా. ఇద్దరు చూడ్డానికి వస్తామన్నారు. అమ్మే బోటుకు మూడు లక్షలు పెట్టి నేల పీకే ఓపిక నాకు లేదు. అందుకే షీటు గురించి అడిగాను.

కోరంగి వడ్రంగి
అదా సంగతి. దూలాలు చూశారా అని రెండు సార్లు అడిగితే జవాబు రాకపోవడం అందుకా?

బాబూ, కోపం తెచ్చుకోకండి, నాకూ కోపం వస్తోంది. మా అన్నయ్య కొడుకు ఇలాగే ఒక బోటు కొన్నాడు. క్యాబిన్లో కొత్త షీటు, గోడలకు కొత్త రంగు, తలుపుకు కొత్త గొళ్ళెం. రెండో ట్రిప్పుకు ఇంజను బెడ్డు (ఇంజను కూర్చునే దిమ్మ) పక్క దూలం విరిగింది, ఇంజను ఒరిగి షాఫ్టు వంగింది. అప్పు ఇంకా తీరలేదు. షీటు పీకి చూస్తే దూలం చేత్తో నలిగింది. కుళ్ళిన దూలం మీద ప్లై కప్పడం మరమ్మతు కాదు, దాచడం.

ఫైబర్ మేస్త్రి వైజాగ్
ఇక్కడ నా బాధ కూడా చెప్పాలి. ఇలాంటి పనులకే నన్ను పిలుస్తారు. కప్పెయ్యి మేస్త్రీ, సీజను దాటితే చాలు అంటారు. కప్పితే ఏడాదికి ఊడుతుంది, కొన్నవాడు వచ్చి నా కాలరు పట్టుకుంటాడు. కప్పనంటే పని ఇంకొకడికి పోతుంది. గత ఏడాది ఒకాయన చేసిన పనికే ఇప్పటికీ సగం డబ్బు ఇవ్వలేదు. ఫైబరు పాడు అని వడ్రంగులు అంటారు, మేము ఏ చెక్క మీద వేశామో అడగరు.

కోరంగి వడ్రంగి
అది నిజమే. నా కోపమంతా ఫైబరు మీద వెళ్ళగక్కాను. మా ఊళ్ళో బోటు కట్టే చేతులు ఇప్పుడు ఇళ్ళకు తలుపులు చేస్తున్నాయి, ఆ కష్టం ఉంది లోపల.

నిజాంపట్నం బుల్లోడు
ఓనరు గారు ఉన్నారా వెళ్ళిపోయారా?

హార్బరు45
ఉన్నాను. మూడు రోజులు ఇటు రాలేదు. నిన్న పొద్దున్న మా కుర్రాళ్ళతో నాలుగు పలకలు లేపించాను. తలుపు దగ్గర దూలంలో స్క్రూడ్రైవరు పిడి దాకా దిగింది. దాని పక్కది సగం. స్టీరింగు కిందిది గట్టిగా ఉంది, మొన కూడా దిగలేదు. తలుపు దగ్గర దూలంలోంచి ఇనప మేకు చేత్తో ఊడి వచ్చింది, అగ్గిపుల్లంత సన్నగా అయిపోయి ఉంది. కొనడానికి వస్తామన్నవాళ్ళకు ఫోటోలు పంపాను. ఒకాయన రేటు తగ్గించమన్నాడు, ఒకాయన ఫోను ఎత్తట్లేదు.

రెండు దూలాలు మార్చి, మూతలు డ్రైవరు గారు చెప్పినట్టు చేయిద్దామనుకుంటున్నా. జూన్ 14 లోపు అవుతుందా?

కోరంగి వడ్రంగి
అవుతుంది. మొదటిది పూర్తిగా మార్చాలి. రెండోది కుళ్ళిన మేర కోసి, పక్కన జోడు దూలం వేసి బోల్టులు బిగిస్తే చాలు. మళ్ళీ ఇనప మేకులు కొట్టకండి.

ఫైబర్ మేస్త్రి వైజాగ్
ఇత్తడి స్క్రూలు కూడా వద్దు, ఉప్పునీళ్ళకు జింకు పోయి పెళుసుబారతాయి. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. రెండో దూలానికి జోడు వెయ్యక్కర్లేదు, ఎపాక్సీ తాగిస్తే నిలబడుతుంది.

కోరంగి వడ్రంగి
సగం కుళ్ళిన దూలానికి ఎపాక్సీ తాగిస్తారా? మీద అంత బరువు ఇంజను అదురుతుంటే?

ఫైబర్ మేస్త్రి వైజాగ్
ఇంజను బరువు దూలం మీద కాదు కదండి, బెడ్డు మీద ఉంటుంది. దూలం మోసేది నేలనూ మనుషుల్నీ.

జాలారిపేట డ్రైవరు
మనుసుల్నే కదా. జోడు ఎయ్యండి.

కోరంగి వడ్రంగి
ఓనరు గారూ, గట్టిగా ఉన్న ఆ మూడోది ఏ చెక్క?

హార్బరు45
మద్ది అని కట్టినాయన చెప్పాడు. మిగతా రెండూ ఏ చెక్కో తెలీదు, తర్వాత ఎప్పుడో మార్చినవి.