ట్రైనింగ్ తీసుకుంటే చిన్న వ్యాపారి నిలబడతాడా?

కుట్టుమిషన్ అక్క: మా వీధిలో ఫ్యాన్సీ షాపు పెట్టిన అమ్మాయి 8 నెలలకే షట్టర్ దించేసింది. ముందు ట్రైనింగ్ తీసుకుని ఉంటే అంత తొందరగా వదిలేసేది కాదని నేనంటాను. చేతిలో డబ్బుంటే ఎవరైనా నిలబడతారని మా ఆయన అంటారు. మీరేమంటారు?

చెక్కపని: నాదీ బావగారి మాటే అక్కా. ఆరు రోజుల ట్రైనింగ్‌కి వెళ్లొచ్చాను. ఇరవై ఏళ్లుగా రంపం పట్టినవాడికి చిత్రిక పట్టడం చూపించారు. ఆరు రోజుల కూలి పోయింది. నాకు కావాల్సింది టేకు కొనడానికి పెట్టుబడి, బిగించిన తలుపులకి టైముకి డబ్బులు. క్లాసులో కూర్చుంటే అరువు వసూలవుతుందా?

కుట్టుమిషన్ అక్క: వచ్చిన పనే మళ్లీ నేర్పితే విసుగే తమ్ముడూ, ఒప్పుకుంటాను. నేను వెళ్లిన ట్రైనింగ్‌లో నాకు నేర్పింది కుట్టు కాదు, లెక్క. లైనింగ్ జాకెట్‌కి 200 తీసుకునేదాన్ని. ఒక్క జాకెట్‌కి అయ్యే ఖర్చు రాయమన్నారు మేడమ్. లైనింగ్ గుడ్డ 60 అని రాసి ఊరుకున్నాను. ఆవిడ వరసపెట్టి అడిగారు: హుక్స్, దారం ఎవరిస్తున్నారు? కరెంటు? షాపు అద్దెలో దీని వాటా? నీ కూలి? అన్నీ వేస్తే 235 తేలింది. ఆరేళ్లుగా జాకెట్‌కి 35 చొప్పున నేనే ఎదురిచ్చి కుడుతున్నాను! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడే 280 చేశాను. నలుగురు రావడం మానేశారు, మిగతావాళ్లు ఉన్నారు. అంతకుముందు పెళ్లిళ్ల సీజన్ అయిపోతే చాలు, మూసేసి ఏదైనా షోరూంలో చేరిపోదామనిపించేది. డబ్బు ఎక్కడ జారిపోతోందో తెలిశాక మళ్లీ అలా అనిపించలేదు.

గోదారి గట్టు: ట్రైనింగ్ పనిచేస్తుందా అని మన కాకినాడలోనే పరీక్షించి చూశారు. 1960లలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో తరగతులు పెట్టించారు. ఇప్పుడు యూసఫ్‌గూడలో ఉన్న ని-ఎంఎస్ఎంఈ (చిన్న, మధ్యతరహా పరిశ్రమల జాతీయ సంస్థ) అదే. నేర్పింది చేతిపని కాదు, పెద్ద లక్ష్యం పెట్టుకుని దాని వెంటపడటం. పోల్చి చూడటానికి శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులను తీసుకున్నారు. తర్వాత చూస్తే శిక్షణ పొందినవాళ్లే ఎక్కువ గంటలు పనిచేశారు, కొత్త వ్యాపారాలు మొదలుపెట్టారు.

చెక్కపని: వాళ్లు అప్పటికే వ్యాపారంలో ఉన్నవాళ్లు కదండీ, అంతో ఇంతో పెట్టుబడి ఉంటుంది. నాకు అక్క చెప్పిన లెక్కే పట్టుకుంది. తలుపు రేటు చెప్పేటప్పుడు కలప, ఫెవికాల్, పాలిష్ వేస్తాను. నా కూలి విడిగా ఎప్పుడూ వేయలేదు. అయినా అరువు సంగతి తేలలేదు.

కుట్టుమిషన్ అక్క: అదీ అక్కడే నేర్పారు. గుడ్డ ఇచ్చినప్పుడే సగం డబ్బులు తీసుకోవాలి. మొదటిసారి అడగడానికి నోరు రాలేదు. మూడు నెలలకి మేడమ్ షాపుకొచ్చి పుస్తకం తిరగేసి, అడ్వాన్స్ గడి ఖాళీగా ఉందేమని అడిగారు. అప్పటినుంచి అడుగుతున్నాను. ఆర్‌సెటీల్లో, అంటే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ కేంద్రాల్లో, కోర్సు అయ్యాక రెండేళ్లపాటు కనిపెట్టుకుని ఉండాలని నియమమే ఉంది. నీ దగ్గరికి అలా ఎవరూ రాలేదు, అసలు లోటు అదీ. ఈసారి తలుపు ఆర్డర్ వస్తే కలప డబ్బు ముందే అడుగు తమ్ముడూ. ఏమన్నారో ఇక్కడ రాయి.